పాట తెగొద్దన్న అత్తమ్మ

నాకు క్లారినెట్ వాయించడం వచ్చు. తుమ్మడం అంతకన్నా బాగా వచ్చు. మొదటిది మా మామయ్య, అంటే మా ఆయన వాళ్ళ నాన్న, నేర్పాడు. రెండోది మా ఊరి చుట్టూ ఉన్న కంపెనీలు నేర్పాయి. మామయ్య ఫీజు తీసుకోకుండా, తప్పు వాయించినప్పుడల్లా నాలుక చప్పరిస్తూ నేర్పాడు. కంపెనీలు కూడా ఫీజు తీసుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

మాది జిన్నారం వైపు ఒక ఊరు. పొద్దున్నే తలుపు తీస్తే ముందు వాసన పలకరిస్తుంది, తరువాత మనుషులు. ఏ రోజు ఏ కంపెనీ ఏం ఉడకబెడుతున్నదో మా ఆడవాళ్ళు వాకిలి ఊడుస్తూనే చెప్పేస్తారు. ఈ సంగతి చూడవచ్చిన ఆఫీసర్లకు కనపడకూడదని, కనపడితే పచ్చగా కనపడాలని, కంపెనీలవాళ్ళు గోడల పొడుగునా ఒక జాతి చెట్లు నాటారు. నీళ్ళు పోసినా పెరుగుతుంది, పోయకున్నా పెరుగుతుంది. మేకలు దానికి మూతి పెట్టవు. పిట్టలు వాలవు. పేరు కోనోకార్పస్ అని నేను పేపర్లో చదివి తెలుసుకున్నాను. మా ఊళ్ళో మాత్రం కంపెనీ చెట్టు అంటారు. చలి మొదలు కాగానే అది పూస్తుంది. పువ్వు అనడానికి మనసు రాదు, ఆకుపచ్చగా ఆవగింజల ముద్దలా ఉంటుంది. దాని పుప్పొడి గాలిలోకి లేస్తుంది, ఇక్కడ నేను మొదలుపెడతాను.

నా తుమ్ములు ఒకటితో పోయేవి కావు. కళ్ళు ఎర్రబడి, అంగిట్లో దురద పుట్టి, ముక్కు కుళాయి విప్పినట్టు కారుతుంది. మా పక్కింటాయన ఫస్ట్ షిఫ్ట్ డ్యూటీకి బయలుదేరే వేళకే నాకు మొదటి తుమ్ము వస్తుంది. ఒంటి తుమ్ము వినపడితే ఆయన గడప దాటడు. వెనక్కి వెళ్ళి కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ లేస్తాడు. ఈలోగా కంపెనీ బస్సు వెళ్ళిపోతుంది. ఒకరోజు గోడ మీది నుంచి తల పెట్టి బతిమాలాడు.

"అక్కా, నీ దండం పెడత, ఇంకొకటి తుమ్మక్కా. జోడైతె నేను పోత. బస్సు మూల మలుగుతున్నది."

అడిగినప్పుడు వస్తే అది తుమ్ము ఎందుకవుతుంది? రాలేదు. ఆయన బస్సు పోయింది. పోయిన తరువాత వరసగా వచ్చాయి, ఎన్నో లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు.

క్లారినెట్ సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. దాని మూతి దగ్గర రీడు అని పల్చటి బద్ద ఉంటుంది. అది నోటి తడితో నానితేనే పలుకుతుంది, ఎండితే కీచుమంటుంది. ఊపిరి పొట్టలోంచి సన్నగా, తెగకుండా రావాలి. ఆ ఊపిరి మధ్యలో తుమ్ము వస్తే క్లారినెట్ ఒక కేక పెడుతుంది. మా చర్చిలో ఆ కేకకు చంటిపిల్లలు ఏడుపు లంకించుకుంటారు, నిద్రపోతున్న పెద్దలు "ఆమేన్" అని లేస్తారు.

సలహాలకు కొదవ లేదు. ఒకామె వాము మూట కట్టి వాసన చూడమన్నది. ఒకాయన నాటుకోడి పులుసు మిరియాలు దట్టించి తాగమన్నాడు, తాను కూడా వచ్చి తాగుతానన్నాడు. జోగిపేటలో ఉన్న మా పిన్ని ఏదో నల్లపొడి పంపింది. అది ముక్కులో వేసుకున్న రోజు తుమ్ములు ఆగలేదు సరికదా, వాసన తెలియడం ఆగింది. మా ఊళ్ళో అదొక వరమే అనుకోండి.

చివరికి సంగారెడ్డిలో ముక్కు డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన టార్చి వేసి ముక్కులోకి చూసి, "క్లారినెట్ బంద్ చేయండి మేడం" అన్నాడు.

"చెట్లను బంద్ చేయమని రాసివ్వండి సార్, కంపెనీకి చూపిస్త" అన్నాను.

ఆయన నవ్వి గోళీలు రాసిచ్చాడు. గోళీ వేసుకుంటే తుమ్ము ఆగింది, నిజం చెప్పాలి. దాంతోపాటు నోట్లో తడి కూడా ఆగింది. రీడు నాలుకకు అతుక్కుపోయి, ఊదితే తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు మోగింది. పైగా నిద్ర. ఆ ఆదివారం పాస్టరయ్య ప్రసంగం మొదలుపెట్టగానే నేను కళ్ళు మూశాను. ప్రార్థన చేసుకుంటున్నానని అందరూ అనుకున్నారు. గురక మొదలయ్యాక ఆ అనుకోవడం మానేశారు. బడిలో రెండో క్లాసు పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తూ కుర్చీలో తూగాను. వాళ్ళు ఏడో ఎక్కం దగ్గర ఆగి, నేను లేచేదాకా బుద్ధిగా గోల చేశారు.

ఇంకో ముచ్చట ఉంది. మా ఆయన గోళీల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పని చేస్తాడు. ఆయన ప్యాక్ చేసేది సరిగ్గా ఈ తుమ్ముల గోళీలనే. గోడ బయట తుమ్ములు పెంచుతారు, గోడ లోపల గోళీలు చేస్తారు. ఇంతకన్నా పద్ధతిగా నడిచే వ్యాపారాన్ని నేను చూడలేదు. ఆయనతో ఈ మాట అంటే, "మెల్లగ అను, సూపర్‌వైజర్ ఇల్లు పక్కనే" అన్నాడు. మా ఆయన ధైర్యం గురించి ఇంతకన్నా రాయను.

ఇదంతా నా ముక్కు గొడవే అయితే ఎలాగో బతికేదాన్ని. అసలు తంటా మా అత్తమ్మతో వచ్చింది.

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. సమాధుల తోటలో పెట్టెను గుంతలోకి దించేటప్పుడు ఎవరూ పాడరు. వాయిద్యం ఒక్కటే పలకాలి. పోయినవాళ్ళు బతికి ఉండగా ఏ పాట కావాలని చెప్పారో ఆ పాట, మొదటి నుంచి చివరిదాకా, మట్టి పడేదాకా. ఊళ్ళో ఎంతమందికో మామయ్యే వాయించాడు. మామయ్య పోయినప్పుడు నేను వాయిస్తానన్నాను. అప్పటి సంఘ పెద్దలు వద్దన్నారు. "ఆడమనిషి సమాధుల తోటల ఊదుడేందమ్మా? సూసెటోల్లకు బాగుండదు" అన్నారు.

అప్పుడే చర్చికి కొత్తగా కీబోర్డు వచ్చింది. కొత్తగా వచ్చింది కదా, అందరికీ దాని మీద మోజు. దానికి కరెంటు కావాలని జనరేటర్‌ను ఆటోలో వేసుకుని తోటకు తెచ్చారు. రెండో చరణం మధ్యలో జనరేటర్ దగ్గి ఆగిపోయింది. పెట్టె సగం లోపల, సగం బయట. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు దించాలా ఆపాలా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "డీజిల్ పోసినవా?" "పోసిన." "మరేంది దీనికి?" "ఏమో, జెర ఆగుండ్రి." ఈ మాటల మధ్య మామయ్యను మట్టిలో పెట్టాం. ఊరందరికీ పాట పూర్తి చేసి పంపిన మనిషికి తన పాట సగంలో తెగిపోయింది.

అత్తమ్మ ఆ రోజు ఏడవలేదు. ఇంటికి వచ్చి, మామయ్య క్లారినెట్ డబ్బాను నా ఒళ్ళో పెట్టింది.

"నా పెట్టె దించెటప్పుడు నువ్వే ఊదాలె. ఏ పెద్దమనిషి వద్దంటడో నేను సూస్త. పాట నడుమల తెగొద్దు. తెగిందనుకో, లేసి కూసుంట."

"చలికాలం అయితే? తుమ్ము వస్తే?"

"ఆపుకో."

"తుమ్ము ఆపుకుంటే ఆగుతదా అత్తమ్మా?"

"అవు మల్ల. నాకు ఎదురు జవాబు ఆపుకోనీకె రాదు నీకు, తుమ్మేడ ఆపుకుంటవ్" అన్నది.

పెద్దమనుషుల ఇళ్ళకు ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి ఆమె ఏం మాట్లాడిందో నాకు తెలియదు. ఆ తరువాత ఆడమనిషి వాయించడం గురించి ఎవరూ నోరెత్తలేదు. నేను తోటలో ఎందరికో వాయించాను. ఎండాకాలంలో, వానాకాలంలో పోయినవాళ్ళు పుణ్యాత్ములు, వాళ్ళకు పాట చక్కగా దక్కింది. చలికాలంలో పోయినవాళ్ళకు నా కేకలు దక్కాయి.

అందుకే అత్తమ్మ నాతో తన చావు పాటను ప్రాక్టీస్ చేయించడం మొదలుపెట్టింది. సెలవు రోజు సాయంత్రం వాకిట్లో మంచం వేసుకుని కూర్చునేది. "ఇగ దించుతున్నరు అనుకో" అనేది. నేను వాయించేదాన్ని. పాట నిదానంగా నడుస్తుంది, మూడో చరణంలో ఒక చోట స్వరం పైకి వెళ్ళి అక్కడే నిలబడాలి. ఊపిరంతా అక్కడే కావాలి.

"జల్దీ పోతున్నవ్. గుంతల ఏసి పారిపోతవా ఏంది?"

మళ్ళీ వాయించేదాన్ని.

"గంత మెల్లగనా? తాళ్ళు పట్టుకున్నోల్ల చేతులు గుంజవా?"

ఒకసారి ఈ పాట విని రెండు వీధుల అవతలి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో పెద్దమ్మా, పోయినవా" అని శోకాలు పెడుతూ వచ్చింది. అత్తమ్మ మంచం మీది నుంచే, "ఇంకా టైమున్నది గనీ, వచ్చినవు గద, ఛాయ్ తాగి పో" అన్నది. ఆమె ఛాయ్ తాగింది. ఏడుపు మధ్యలో ఆపినందుకు కొంచెం నొచ్చుకున్నట్టు కనపడింది.

ఇంతలో మా సంఘానికి ఇంకో మేలు జరిగింది. ఇప్పటి సంఘ పెద్ద ఒక కంపెనీలో సెక్యూరిటీ ఆఫీసర్‌గా చేసి రిటైరైనవాడు. ఆయన తన పాత సార్లను అడిగి, సమాధుల తోట చుట్టూ కంచెలాగా కంపెనీ చెట్లు నాటించాడు. తోట అవతల పొగగొట్టాలు కనపడకుండా ఉంటాయట. పొగగొట్టాలు నిజంగానే కనపడటం మానేశాయి. నేను మాత్రం తోట గేటు దగ్గరే తుమ్మడం మొదలుపెట్టాను.

కమిటీ మీటింగులో లేచి, ఆ చెట్లు కొట్టించమని అడిగాను. సంఘ పెద్ద మొహం చిన్నబోయింది.

"పచ్చగ ఉన్నయి గదమ్మా. కండ్లకు సల్లగ ఉన్నయి."

"నా కండ్లు చూడు అన్నా, ఎంత చల్లగ ఉన్నయో" అన్నాను. అవి అప్పటికే మిరపకాయల్లా ఉన్నాయి.

ఛాయ్, బిస్కెట్లు వచ్చాయి. ఒకరు కొమ్మలు కత్తిరిద్దామన్నారు. ఒకరు కంపెనీ సార్లు బాధపడతారన్నారు. చివరికి ఈ విషయం గురించి ప్రార్థన చేద్దామని తీర్మానించారు. ప్రార్థనకు నేను వ్యతిరేకిని కాదు. కాని గొడ్డలి చేతిలో ఉండి కూడా ప్రార్థనే చేస్తే అది దేవుడికి పని పెంచడమే. బయటికి వస్తుంటే సంఘ పెద్ద నన్ను ఓదార్చాడు.

"పరేషాన్ కాకమ్మా. కీబోర్డుల క్లారినెట్ బటన్ కూడ ఉన్నదట. అది తుమ్మదు."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే అత్తమ్మ తమలపాకు నమలడం ఆపింది. "ఆ బటన్ ఒత్తిన ఏలు ఇరగ్గొడత" అన్నది. నాకు భలే సంతోషమైంది. ముసలమ్మ నా పక్షాన ఉన్నదనుకున్నాను.

ఆ సంతోషం మళ్ళీ చలికాలం దాకా నిలవలేదు. వానాకాలం చివర్లో ఒకరోజు బడి నుంచి కొంచెం ముందే వచ్చాను. వాకిట్లో చర్చి ముసలమ్మలు నలుగురైదుగురు చేరి ఉన్నారు. మంచం మీద అత్తమ్మ. ఆమె తల పైకెత్తి, కళ్ళు మూసి, ముక్కు ఎగబీల్చి, చిన్న చిన్న ఊపిర్లు తీసి, ఒక్కసారిగా "హాఛ్" అని తుమ్మింది. ఆమెకు తుమ్ము రాలేదు. అది నా తుమ్ము. నేను ఎలా తుమ్ముతానో అచ్చం అలాగే చేసి చూపిస్తున్నది. ముసలమ్మలు నన్ను చూడగానే గప్‌చుప్ అయిపోయారు. ఒకామె కొంగులో నవ్వు దాచుకుని, "ఇగ పోతమక్కా" అని లేచింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో నన్ను ఆడిపోసుకుంటే పడేదాన్ని. వాకిట్లో, నలుగురి ముందు, నా రోగాన్ని ఆటగా చేసి చూపిస్తుందా? ఆ తరువాత కూడా ఒకటి రెండుసార్లు నేను మూల తిరిగేసరికి ఇంట్లోంచి ఆ దొంగ తుమ్ము వినపడింది. నేను గేటు తీయగానే నిశ్శబ్దం. మా ఆయనతో చెబితే, "ముసలోల్లు, టైంపాస్" అని డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను అత్తమ్మతో మాట్లాడటం మానేశాను. చెప్పాల్సింది ఏమన్నా ఉంటే గిన్నెలతో చెప్పాను, బాగానే వినపడేట్టు చెప్పాను. ఆమె మాత్రం, "ఆ గంజు సొట్ట పడుతది, జెర మెల్లగ" అన్నది. ప్రాక్టీసూ ఆగిపోయింది. నీ పాట నువ్వే వాయించుకో అనుకున్నాను.

చలి పడగానే అత్తమ్మకు ఆయాసం ఎక్కువైంది. సంగారెడ్డి ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంచి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అది ఎందుకంటారో అందరికీ తెలుసు. నేను బడికి సెలవు పెట్టి పక్కన కూర్చున్నాను. కోపం ఎటు పోయిందో పోయింది. ఒక మధ్యాహ్నం ఆమె కళ్ళు తెరిచి, గాలి అందక ఆగి ఆగి అడిగింది.

"పూసినయా, చెట్లు?"

"పూసినయి అత్తమ్మా."

"మంచి టైం జూసుకున్న" అని నవ్వింది.

ఆమె చేయి పట్టుకుని, "నేను తుమ్మను. పాట తెగనియ్య. నీ మీద ఒట్టు" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీతోని కాదు, పో" అన్నది. ఆ తరువాత నాతో ఇంకేం మాట్లాడలేదు. ఆమె నాకు మిగిల్చిన ఆఖరి మాట అదే.

అత్తమ్మ పోయింది. తోటకు తీసుకుపోయే రోజు నేను గోళీ వేసుకోలేదు. నోరు ఎండితే మొదటి చరణం కూడా పలకదు. పొద్దున్నుంచీ ఆవిరి పట్టాను. ముక్కులో కొబ్బరినూనె రాసుకున్నాను. తడిగుడ్డ ముఖానికి కట్టుకుని, దొంగలా ఊరేగింపు వెనక నడిచాను. తోట కంచె పొడుగునా చెట్లు నిండా పూసి, ఆకుల మీద పసుపు దుమ్ము కనపడుతున్నది. సంఘ పెద్ద ఆ చెట్ల పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన వెనక, బ్యాటరీ మీద నడిచే కొత్త కీబోర్డు స్టాండు మీద సిద్ధంగా ఉన్నది.

"ఎందుకైనా మంచిదని" అన్నాడు నా చూపు చూసి.

తాళ్ళు బిగించారు. నేను తడిగుడ్డ తీసి, రీడు నోట్లో పెట్టుకున్నాను. మొదటి చరణం శుభ్రంగా వచ్చింది. రెండో చరణం, మామయ్యకు జనరేటర్ ఆగిన చోటు దాటింది. పెట్టె అంచు నేలకు సమానంగా వచ్చింది. మూడో చరణం ఎత్తుకుని, పైకి వెళ్ళి, ఆ నిలబడాల్సిన స్వరం మీద నిలబడ్డాను. అంగిట్లో దురద మొదలైంది. నాలుకను పైకి నొక్కిపట్టాను. కళ్ళు గట్టిగా మూశాను. దేవుడా, ఈ ఒక్కసారికి అన్నాను. ఆయనకు మా కమిటీ ప్రార్థనలతోనే తీరిక లేనట్టుంది.

తుమ్మాను. క్లారినెట్ కేక పెట్టింది. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు తలలు ఎత్తారు. కీబోర్డు అబ్బాయి చేయి చాచాడు.

అతని వేలు బటన్ మీద పడలేదు. నా వెనక నుంచి ముసలి గొంతులు, నేను ఏ స్వరం మీద పడిపోయానో సరిగ్గా ఆ స్వరం మీదనే పాటను అందుకున్నాయి. పెట్టె దించేటప్పుడు మా సంఘంలో మనిషి గొంతు నేనెప్పుడూ వినలేదు. సంఘ పెద్ద గిర్రున తిరిగి, "ఏయ్, ఏందిది" అన్నాడు. ముసలమ్మలు ఆయన్ను లెక్క చేయలేదు. నేను ముక్కు తుడుచుకుని, ఇంకో రెండు తుమ్ములు తుమ్ముకునేదాకా పాడారు. పాదం చివర గప్పున ఆగారు. ముందు నిలబడినామె నావైపు గడ్డం ఎగరేసింది, ఇగ నువ్వు ఊదు అన్నట్టు. నేను ఊదాను. మళ్ళీ తుమ్మాను. వాళ్ళు మళ్ళీ అందుకున్నారు. తాళ్ళు ఆగలేదు. అలా వాళ్ళూ నేనూ పంచుకుని, మట్టి పడేదాకా మొత్తం పాట పూర్తి చేశాం. ఎక్కడా తెగలేదు.

జనం వెళ్ళిపోతుంటే తోట గేటు దగ్గర కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నాను. ఆ ముందు నిలబడిన ముసలమ్మ చెంబు పట్టుకుని వచ్చింది.

"మీ అత్త మమ్ముల ఎంత సతాయించిందో ఎరుకేనా బిడ్డా? నువ్వు బడికి పోంగనే పిలుస్తుండె. ఆమెనే పాట కూనిరాగం తీస్తుండె, నడుమల ఆమెనే తుమ్ముతుండె, నీ లెక్కనే. తుమ్మంగనే మేము అందుకోవాలె. జెర లేటైతె బూతులు తిడుతుండె. పాట ఏడ ఉంటె ఆడ తుమ్ముతుండె, మాకు పానం మీదికొస్తుండె."

వాకిట్లో విన్న దొంగ తుమ్ములన్నీ ఒక్కసారి చెవుల్లో మోగాయి.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తె నువ్వు ధీమాగ తుమ్ముతవట. చెప్పకుంటె జెరంత ఆపుకోనీకె చూస్తవట. ఆమెనే అన్నది."

ముసలిది చివరిదాకా నన్ను నమ్మలేదు. నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపొచ్చింది. అత్తమ్మా అని గట్టిగా ఏడ్చాను, గేటు కమ్మీ పట్టుకుని, ఎవరు చూస్తున్నారో చూడకుండా ఏడ్చాను. ఆ ఏడుపు మధ్యలోనే మళ్ళీ తుమ్ము వచ్చింది.

ఆ ముసలమ్మ, చేతిలో చెంబుతోనే, అలవాటు కొద్దీ మూడో చరణం అందుకున్నది.